మామగారి కొట్టులో రాసిన ఏడేళ్ళ లెక్కలు రెజ్యూమెలో ఎక్కడ పెట్టాలి?

పి.గన్నవరం వైపు ఒక లంక ఊరి నుంచి ఒక పాఠకురాలు చేత్తో రాసిన నాలుగు పేజీల ఉత్తరం పంపారు. పేరు వేయొద్దన్నారు. వయసు 32. 2014లో అమలాపురంలో బీకాం పూర్తయింది, మరుసటేడు పెళ్ళి. అత్తవారికి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. కాయ కొనడం, వలిపించడం, లారీకెత్తించడం, కొంత కురిడీ (ఎండు కొబ్బరి), కొట్టు వెనక షెడ్డులో చిన్న నూనె మిల్లు. 2017 జూలైలో జీఎస్టీ రాగానే పాత గుమాస్తా ‘ఈ కంప్యూటర్ గోల నా వల్ల కాదు బాబూ’ అని మానేశాడట. కోడలు బీకాం చదివింది కదా అని మామగారు చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) తెచ్చి ఈవిడ ముందు పెట్టారు. అప్పట్నుంచి 2024 దసరా దాకా లెక్కలన్నీ ఈవిడే చూశారు. జీతం లేదు. దసరాకి మామగారు కొట్టు చిన్నకొడుక్కి అప్పగించారు. అతను లెక్కలకి తన బావమరిదిని తెచ్చుకున్నాడు.

భర్తది సెల్‌ఫోన్ రిపేరు షాపు. ఇద్దరు పిల్లలు, ఫీజులు పెరుగుతున్నాయి. ఉద్యోగం చూసుకుందామని నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు పావుగంటలో రెజ్యూమె చేసిచ్చాడు. అనుభవం దగ్గర ‘నిల్’ అని కొట్టాడు. ఆర్నెల్లలో పదిహేడు చోట్ల ఇచ్చారు, ఒక్క ఫోన్ రాలేదు. పిన్నిగారబ్బాయి ఒకాయన హైదరాబాద్‌లో ఏదో సంస్థ పేరు మీద మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎనిమిది వేలకి ఇప్పిస్తానంటున్నాడు. మామగారిని ఒక కాగితం రాసిమ్మని అడిగితే ‘ఇంటి పిల్లవి, నీకు సర్టిఫికెట్ ఏంటమ్మా’ అని నవ్వేశారు. పక్కనున్న తోడికోడలు మాత్రం ‘ఇవాళ కాగితం, రేపు వాటా’ అందట. ‘ఇంట్లో చేసిన పని అనుభవం కిందకి వస్తుందా? ఆ సర్టిఫికెట్ తీసుకోమంటారా? లేక గృహిణి అని రాసుకుని ఊరుకోమంటారా?’ అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఒక చిన్న సంగతి చెప్పేస్తాను. మీరు ఉత్తరంతో పాటు పంపిన రెజ్యూమెలో మీ ఫోన్ నంబరుకి తొమ్మిది అంకెలే ఉన్నాయి. అనుమానం వచ్చి రెండుసార్లు లెక్కపెట్టాను. ఈమెయిల్ చూస్తే అది నెట్ సెంటర్ వాళ్ళదిలా ఉంది. పదిహేడు మంది వద్దన్నారని మీరు కుమిలిపోతున్నారు, వాళ్ళలో ఎవరైనా పిలుద్దామనుకున్నా పిలిచే దారి లేదు. అందరూ పిలిచేవారని కాదు. ఆ కాగితం చూస్తే నేనైనా పిలిచేవాణ్ణి కాదు. కానీ ఆ పదిహేడునీ ఓటమి కింద రాసుకోకండి.

నేను కాకినాడలో చాలా ఏళ్ళు ఉద్యోగాలకి వచ్చే కాగితాలు చదివే పనిలోనే ఉన్నాను. ఒక గుమాస్తా ఉద్యోగానికి ప్రకటన వేస్తే బల్ల మీద కట్ట పడుతుంది. ఒక్కోదానికీ అర నిమిషం కూడా దక్కదు. చదివేవాడి కన్ను పేరు మీద పడి, చివరగా ఏం పని చేశారన్న చోటికి దిగుతుంది. మీ కాగితంలో ఆ రెండింటికీ మధ్య ‘ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి సంస్థ అభివృద్ధికి తోడ్పడటం నా ఆశయం’ అని నాలుగు లైన్లున్నాయి. ఆ నాలుగు లైన్లు నేను కొన్ని వందల సార్లు చూసుంటాను, ఒక్క అక్షరం మారదు. కింద తండ్రి పేరు, మతం, కులం, వైవాహిక స్థితి, హాబీలు. ‘పాటలు వినడం’ అని కూడా ఉంది. చుట్టూ పూలతీగల బోర్డరు. ఇవన్నీ నిశ్చింతగా తీసేయొచ్చు. అకౌంట్స్ ఉద్యోగమిచ్చేవాడికి మీ కులంతో పని లేదు, ఉంటే అది వాడి తప్పు. బోర్డర్లూ గళ్ళూ ఉన్న కాగితాలని పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి సరిగా చదవలేదు కూడా.

ఇక అసలు విషయం. ‘నిల్’ అన్న మాట అబద్ధం. అది రాసింది నెట్ సెంటర్ కుర్రాడే అయినా, మీరు చదివి ఊరుకున్నారంటే ఎక్కడో మీరూ నమ్మారన్నమాట. మీ ఉత్తరం మూడో పేజీలో, పిల్లల ఫీజుల గురించి చెబుతూ మధ్యలో, పక్కన పడేసినట్టు రాసిన నాలుగు వాక్యాలు ఇక్కడ మళ్ళీ పెడుతున్నాను.

‘2020లో లాక్‌డౌన్ వచ్చి లారీలు ఆగిపోయాయి, గుళ్ళు మూసేశారు, కాయ అడిగేవాడు లేడు. బయటి రాష్ట్రాల పార్టీల దగ్గర ఎంత బాకీ ఉందో మామయ్యగారికి అంతుపట్టలేదు. నేను మూడు వారాలు కూర్చుని 41 మంది ఖాతాలు పాత చిట్టాలతో సరిచూసి, ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి పట్టీ తయారుచేశాను. ఇద్దరికి తిరిగి మేమే ఇవ్వాలని తేలింది.’

దీన్ని అకౌంట్స్ వాళ్ళు ఖాతాల రీకన్సిలియేషన్ అంటారు. డిగ్రీ చేతిలో పట్టుకుని ఉద్యోగానికి వచ్చే పిల్లల్లో ఈ మాట పుస్తకంలో చదివినవాళ్ళు బోలెడు మంది. 41 ఖాతాలు కూర్చుని చేసినవాళ్ళు అరుదు. అందులోనూ ఇవ్వాల్సింది మేమేనని ఒప్పుకున్న ఆ రెండు ఖాతాలున్నాయే, నేను ఇంటర్వ్యూ చేస్తే వాటి గురించే అడుగుతాను. మీ రెజ్యూమెలో పేరు కింద మొదట కనబడాల్సిన పని ఇది.

ఎలా రాయాలన్నది మీకు కొత్తగా నేర్పక్కర్లేదు, మీరు ఆవర్జా రాసిన మనిషి. ‘ఫలానావారికి బాగానే ఇచ్చాం’ అని ఎవరూ పద్దు రాయరు కదా. ఎవరికి, ఏ తేదీన, ఎంత, ఎందుకు అని రాస్తారు. రెజ్యూమెలో ప్రతి లైనూ అలాగే ఉండాలి. ‘హార్డ్ వర్కింగ్, సిన్సియర్, టీమ్ ప్లేయర్’ అన్నవి అంకె లేని పద్దులు. మీరు ఉత్తరంలో చెప్పిన సంగతులతోనే నేను ఇలా రాసి చూశాను (ట్యాలీ అంటే లెక్కలు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం):

2017 జూలై నుంచి 2024 అక్టోబరు వరకు, అకౌంట్స్ బాధ్యత, కుటుంబ కొబ్బరి వ్యాపారం, అంబాజీపేట.
కొనుగోళ్ళు, అమ్మకాలు, దింపు వలుపు కూలీల చెల్లింపులు ట్యాలీలో నమోదు, సీజన్లో రోజుకి 30 నుంచి 40 పద్దులు.
చేతిరాత చిట్టా నుంచి ట్యాలీకి మార్పు, 2017.
బయటి రాష్ట్రాల 41 ఖాతాల బాకీలు సరిచూసి తేడాలు తేల్చడం, 2020.
పన్ను ఉన్న సరుకు, పన్ను లేని సరుకు విడిగా చూపుతూ నెలవారీ జీఎస్టీ వివరాల తయారీ.

ఆఖరి లైను దగ్గర కాస్త ఆగుదాం. కొబ్బరికాయ మీద జీఎస్టీ లేదు, నూనె మీద ఉంది. ఒకే కొట్టులో రెండూ అమ్మితే మిల్లు కరెంటు మోటారు మీద, డబ్బాల మీద కట్టిన పన్నులో దేన్ని ఎంతవరకు వెనక్కి తీసుకోవచ్చో లెక్క తీయాలి. రెండు రకాల సరుక్కీ వాడిన వాటి మీద మొత్తం క్రెడిట్ తీసేసుకుంటే తర్వాత నోటీసు రావచ్చు. లారీ దగ్గరా అంతే, కాయ లోడుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం) అక్కర్లేదు, 50 వేలు దాటిన నూనె సరుక్కి కావాలి. ఇది మీకు రోజువారీ వ్యవహారం, అందుకే చెప్పుకోవాల్సిన విషయంగా తోచలేదు. ఒకే రకం సరుకు అమ్మే షాపులో పదేళ్ళు పనిచేసిన అకౌంటెంటుకి కూడా ఈ చిక్కు ఎదురుపడి ఉండకపోవచ్చు.

అలాగని చేయనిది రాయకండి. ‘జీఎస్టీ ఫైల్ చేశాను’ అనే మాటా, ‘వివరాలు తయారుచేసి ఆడిటర్ ఆఫీసుకి పంపాను’ అనే మాటా ఒకటి కావు. మీ ఉత్తరాన్ని బట్టి మొదటి మూడేళ్ళు వివరాలు పంపడమే చేశారు, తర్వాత జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు) మీరే పోర్టల్లో ఎక్కించారు, 3బి (నెల పన్ను లెక్క) మాత్రం ఎప్పుడూ ఆడిటర్ ఆఫీసే చూసింది. సరిగ్గా అలాగే రాయండి. బ్యాలెన్స్ షీటు మీరు వేయలేదు కాబట్టి ఆ మాట జోలికే వద్దు. నెలనెలా వేసేవాళ్ళకి మొదటిది పదకొండో తారీకు, 3బి ఇరవయ్యో తారీకు అని గడువులు గుర్తున్నవాళ్ళని రెండు ప్రశ్నల్లోనే పోల్చుకోవచ్చు, గుర్తు లేనివాళ్ళనీ అంతే.

ఇంకోటి, మీ మార్కెట్ భాష. కురిడీలో గండేరా, గటగట అని మీరు రాస్తే కోనసీమ దాటాక చదివేవాడు ఏదో అచ్చుతప్పు అనుకుంటాడు. ‘రకానికో ధర, రోజూ మారే ధరల సరుకు, వెయ్యి కాయల లెక్కన స్టాకు’ అంటే రైస్ మిల్లు వాడికీ అర్థమవుతుంది, ఆస్పత్రి మెడికల్ స్టోరు వాడికీ అర్థమవుతుంది. అంబాజీపేటలోనే ఇంకో కొబ్బరి వర్తకుడికి ఇస్తున్నారా, అప్పుడు గండేరా అనే రాయండి, వాళ్ళు కుర్చీ వేస్తారు.

అందుకే ఒకే కాగితం పదిహేడు జిరాక్సులు తీయించవద్దంటాను. ప్రకటనలో ఏ పని ముందు అడిగారో మీ లైన్లలో అది పైకి రావాలి. భీమవరం వైపు రొయ్యల మేత డీలరు అడిగితే ఆయన బాధ అప్పు మీద పోయిన సరుకు, కాబట్టి బాకీల లైను పైన. రావులపాలెంలో షోరూమ్ అయితే బిల్లింగ్, జీఎస్టీ పైన. విషయం ఒక్కటే, వరస మారుతుంది. మొత్తం ఒక పేజీ, పీడీఎఫ్, ఫైలుకి మీ పేరు. ‘న్యూ రెజ్యూమె ఫైనల్ 2’ అన్న పేరుతో వచ్చే ఫైళ్ళు ఎవరివో ఎవరికీ గుర్తుండవు.

రెజ్యూమె ఇంగ్లీషులోనే పంపాలి కదా అని మీ భయం. పంపాలి. కానీ మొదట తెలుగులో రాసుకోండి. తర్వాత ‘ప్రిపేర్డ్’, ‘ఎంటర్డ్’, ‘చెక్డ్’ లాంటి చిన్న మాటలతో మార్చండి. మీ పెద్దమ్మాయికి వచ్చిన ఇంగ్లీషు చాలు. ఇప్పుడు ఫోన్లో ఏఐని అడిగితే మూడు సెకన్లలో గుక్క తిప్పుకోలేని ఇంగ్లీషు ఇస్తుంది. వ్యాకరణం సరిచూసుకోవడానికి వాడండి, తప్పులేదు. అది వేసిచ్చిన భారీ మాటల్లో మీరు నోటితో విడమరిచి చెప్పలేనిది ఒక్కటి ఉన్నా కొట్టేయండి.

ఇప్పుడు ఎనిమిది వేల సర్టిఫికెట్. నేను నీతులు చెప్పను, లెక్క చెబుతాను. అమలాపురంలో చిన్న షాపు వాళ్ళు ఏ సర్టిఫికెట్టూ సరిచూడరు. కాబట్టి అక్కడ అది పట్టుబడకపోవచ్చు, కానీ అక్కడ దాని అవసరమూ లేదు. అవసరమనిపించేది పెద్ద సంస్థలో, అక్కడేమో సాధారణంగా సరిచూస్తారు. ఇరవై మంది, అంతకు మించి ఉన్న సంస్థకి పీఎఫ్ ఉంటుంది, పీఎఫ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ యూఏఎన్ అనే సొంత ఖాతా నంబరు ఉంటుంది. ఆ నంబరు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. మీ దగ్గర ఏవీ ఉండవు. పైగా ఆ మూడేళ్ళూ మీరు హైదరాబాద్‌లో ఉన్నట్టు. మీ చిన్నబాబు అదే సమయంలో అమలాపురంలో పుట్టాడు. ఇంటర్వ్యూలో ‘అక్కడ ఏ ఏరియాలో ఉండేవారు?’ అని మాటవరసకి అడిగినా మీకు నోరు పెగలదు. చేరిన రెండేళ్ళకి బయటపడి ఉద్యోగం పోయినవాళ్ళని నేను చూశాను. ఒకతను మంచి పనివాడు, అతన్ని పంపించేస్తుంటే మాకే మనసొప్పలేదు. నకిలీ పత్రం వాడటం నేరం కూడా. మీ రెజ్యూమె అడుగున ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అని సంతకం ఉంది చూడండి, దాని పైన ఈ మూడేళ్ళు చేర్చారంటే దొంగ పద్దు కింద మీరే సంతకం పెట్టినట్టు. పైగా దీనివల్ల ఇంకో నష్టముంది. లేని మూడేళ్ళు చూపించాలంటే ఉన్న ఏడేళ్ళూ దాచాలి.

గృహిణి అని రాసి ఊరుకోవడం రెండో దారి. అందులో అవమానమేం లేదు, ప్రమాదమూ లేదు. కానీ అప్పుడు మీరు నిన్నగాక మొన్న డిగ్రీ అయిన 21 ఏళ్ళ పిల్లలతో, వాళ్ళ జీతానికి, పోటీ పడతారు. మూడోది, కుటుంబ వ్యాపారంలో పనిచేశానని బాహాటంగా రాయడం. ‘ఓహో, ఇంటి కొట్టా’ అని పెదవి విరిచేవాళ్ళు కొందరుంటారు. ‘గత జీతం ఎంత?’ అని తప్పకుండా అడుగుతారు. ఇంటి వ్యాపారం కాబట్టి జీతం తీసుకోలేదని తడుముకోకుండా చెప్పి, ఈ పనికి ఆ ఊళ్ళో ఎంతిస్తున్నారో ముందే కనుక్కుని ఆ అంకె చెప్పండి. సున్నా నుంచి బేరం మొదలు పెట్టనివ్వకండి. కాయ బేరం చూసిన ఇంట్లో ఉన్నవారు, ఇది మీకు చేతనవుతుంది. నాకు మూడో దారే నచ్చుతుంది, కానీ ఆ బల్ల ముందు కూర్చునేది మీరు.

సాక్ష్యం సంగతి. కాగితం లేకపోతే ఏం నమ్ముతారని మీ బెంగ. మామగారి కాగితం ఒక్కటే దారి కాదు. ప్రతి నెలా మీతో మాట్లాడిన ఆడిటర్ ఆఫీసు ఉంది. ఆ పెద్దాయన్ని ‘ఎవరైనా ఫోన్ చేస్తే నా పని గురించి చెబుతారా?’ అని అడిగి, ఒప్పుకుంటే ఆయన పేరూ నంబరూ రిఫరెన్సుగా ఇవ్వండి. అడక్కుండా మాత్రం ఇవ్వకండి. బయటివాడు, పైగా లెక్కలు తెలిసినవాడు చెప్పిన మాటకి మామగారి మాట కన్నా బరువెక్కువ. ఇబ్బందల్లా ఆయన ఇప్పుడు మీ మరిదికి ఆడిటర్. మీ గురించి మంచి మాట చెప్పడానికి మొహమాట పడొచ్చు. అసలు ఏ కాగితమూ లేకుండా వెళ్ళి ‘ఒక రోజు కూర్చోబెట్టి పని చూడండి’ అనడమూ ఉంది. చిన్న సంస్థల్లో ఇదే బాగా పనిచేస్తుంది. నేను తీసుకున్న మంచి అకౌంటెంట్లలో ఒకావిడ అలా బిల్లుల కట్ట ముందేసుకుని నిరూపించుకున్నావిడే.

ఉద్యోగం ఎక్కడ వెతకాలన్నదీ దీనితో ముడిపడి ఉంది. ఆడిటర్ ఆఫీసుల్లో మొదట జీతం తక్కువ, మార్చి, సెప్టెంబరు నెలల్లో చీకటి పడేదాకా పని. కానీ రెండేళ్ళలో బ్యాలెన్స్ షీటు దాకా చేయి తిరుగుతుంది. రావులపాలెం, రాజమండ్రి షోరూముల్లో జీతం మెరుగు, బస్సుకే రోజుకి రెండు మూడు గంటలు. మీది లంక ఊరు. ఆగస్టులో కాజ్‌వే మునిగితే నాలుగు రోజులు ఇల్లు కదలలేమని మీరే రాశారు. అది రెజ్యూమెలో రాయక్కర్లేదు. అడిగితే మాత్రం దాచకండి, ఆ రోజుల్లో ట్యాలీ ఇంటి నుంచి చేస్తారా, అంబాజీపేటలో బంధువులింట్లో ఉంటారా అన్న జవాబు ముందే సిద్ధం చేసుకోండి. మీ సెంటర్లోనే మూడు నాలుగు చిన్న కొట్ల లెక్కలు ఒప్పందం మీద చూడటం కూడా ఆలోచించండి. రాబడి నిలకడగా ఉండదు, బాకీ వసూలు చేసుకోవడం మీ మీదే. పైగా వాళ్ళు మీ మరిదికి పోటీ వ్యాపారులు, ఆ మాట ఇంట్లోకి వస్తుంది.

ఇంట్లో మాట అంటే గుర్తొచ్చింది. మామగారు నవ్వింది మిమ్మల్ని చిన్నచూపు చూసి కాదేమో. ఆయన లెక్కలో సర్టిఫికెట్ అనేది పరాయివాళ్ళకిచ్చేది. ఇంటి కోడలికి ఇవ్వడమంటే పరాయిదాన్ని చేసినట్టు. తోడికోడలికి భయం వాటా గురించి. మీరు అడిగింది ఒకటి, ఆవిడకి వినిపించింది ఇంకోటి. కాగితం మామగారిని ఒంటరిగా అడగడం సులువే, కానీ తర్వాత చాటుగా రాయించుకుందన్న మాట పుడుతుంది. మీ ఆయన్నీ మరిదినీ కూర్చోబెట్టి అందరి ముందూ అడిగితే ఆ రోజు కాస్త గొడవ కావొచ్చు, అనుమానం మాత్రం అక్కడితో పోతుంది. మీ ఇంటి మనుషులు మీకు తెలుసు, ఏది నడుస్తుందో మీరే చూడండి. ఎలా అడిగినా ఖాళీ చేతులతో అడక్కండి. కాగితం మీరే రాసి తీసుకెళ్ళండి, అందులో జీతం, భాగం, హక్కు అన్న మాటలేవీ లేవని వాళ్ళకి కళ్ళతో కనబడాలి. నేనైతే ఇంతే రాస్తాను:

‘ఫలానా ఆమె 2017 జూలై నుంచి 2024 అక్టోబరు వరకు మా కొబ్బరి వ్యాపారంలో లెక్కలు రాశారు. రోజువారీ పద్దులు, బాకీల పట్టీలు, జీఎస్టీ వివరాలు ఆమె చూసేవారు. లెక్కల్లో తేడా వస్తే ఆమె కనిపెట్టి చెప్పేవారు. ఇది ఉద్యోగ ప్రయత్నం కోసం ఇస్తున్నాను.’

కొట్టు పేరున్న బిల్లు కాగితం మీద రాసి, మామగారి సంతకం, రబ్బరు ముద్ర. వేరే ఏమీ అక్కర్లేదు. మరిది చదువుతానంటే చదవనివ్వండి. సంతకం కింద తేదీ వేయించడం మరచిపోకండి, తేదీ లేని పద్దు మీ మామగారూ ఒప్పుకోరు.